తూటాను ఎంచింది ఎవరు?

సూరత్‌లో పర్వత్ పాటియా దగ్గర కాసేపు నిలబడితే తెలుగు చెవిన పడుతుంది. తెలంగాణ పల్లెల్లో చేతిమగ్గాలు మూలపడ్డాక మరమగ్గాలను వెతుక్కుంటూ వచ్చిన పద్మశాలీ కుటుంబాలు ఇక్కడా, పక్కనే లింబాయత్‌లోనూ తరాలుగా కాపురముంటున్నాయి. రింగ్ రోడ్డు మీది బట్టల మార్కెట్లలో నోట్ల కట్టలు, వరాఛా వీధుల్లో వజ్రాలు. ఇంత సొమ్ము చేతులు మారే ఊళ్లో మనుషులు చొక్కా కింద ఏం దాచుకుని తిరుగుతారు? తుపాకి అనుకుంటాం. సూరత్‌లో చొక్కా కింద దాగి రైలెక్కేది ఎక్కువగా వజ్రాల పొట్లమే. దాన్ని మోసుకెళ్లే అంగడియాకు నమ్మకమే పెట్టుబడి.

అమెరికాలో సంగతి వేరు. అక్కడ చాలా రాష్ట్రాల్లో ఆత్మరక్షణకు పిస్టల్ కొనుక్కోవడం మామూలే. కొన్నవాడికి అసలు తలనొప్పి తూటాల అర దగ్గర మొదలవుతుంది. ముక్కు గుండ్రంగా ఉన్నదా, బోలుగా ఉన్నదా? బరువైనదా, వేగమైనదా? మన దేశంలో లైసెన్సున్న మనిషికి ఈ బెంగ పెద్దగా లేదు. ఆ ఎంపికలో చాలా భాగం అతని బదులు ఎప్పుడో జరిగిపోయింది. ఎవరు చేశారన్నది నాలుగు శతాబ్దాల కథ. అది మొదలయ్యేది కూడా సూరత్‌లోనే.

కర్ర ఉన్నవాడిదే బర్రె

1664 జనవరిలో శివాజీ సైన్యం సూరత్ మీద పడింది. మొగలు అధికారి ఇనాయత్ ఖాన్ కోటలోకి దూరి తలుపులు బిగించుకున్నాడు. తపతి ఒడ్డున ఆ కోటను పోర్చుగీసుల నుంచి ఊరిని కాపాడటానికే కట్టారు. ఆ రోజు అది కాపాడింది అధికారిని మాత్రమే. నాటి మహా సంపన్నుల్లో ఒకడైన వీర్జీ వోరా ఇల్లు దోపిడీ పాలైంది. జార్జ్ ఆక్సెండెన్ నాయకత్వంలో ఇంగ్లీషు వర్తకులు మాత్రం తమ తుపాకులతో తమ కొఠీని నిలబెట్టుకున్నారు. మెచ్చుకున్న ఔరంగజేబు వాళ్లకు సుంకంలో రాయితీ ఇచ్చాడు.

సొంత ఆయుధం విలువ ఏమిటో సూరత్‌లో అలా రుచి చూసినవాళ్ల వారసులే 214 ఏళ్ల తర్వాత, 1878లో, వైస్రాయి లిట్టన్ హయాంలో ఆయుధాల చట్టం తెచ్చారు. లైసెన్సు లేకుండా భారతీయుడి దగ్గర తుపాకి ఉంటే నేరం. దొరలకు మాత్రం మినహాయింపు. ఆ చట్టాన్ని గాంధీజీ 1918లో, ఈ గుజరాత్‌లోనే ఖేడాలో వెలువరించిన కరపత్రంలో తీవ్రంగా తప్పుబట్టారు. అహింసను బోధించిన మనిషికి కూడా, బలవంతంగా నిరాయుధుణ్ణి చేయడం వేరనీ, ఇష్టపడి ఆయుధం వదిలేయడం వేరనీ తెలుసు.

దమ్‌దమ్ నేర్పిన పాఠం

తుపాకి ఎవరి చేతిలో ఉండాలన్నది ఒక పేచీ అయితే, అందులో ఏ తూటా ఉండాలన్నది ఇంకోటి. ఈ రెండోదానికి కేంద్రం కలకత్తా పక్కనున్న దమ్‌దమ్. కొత్త ఎన్‌ఫీల్డ్ తుపాకి తూటాలకు ఆవు కొవ్వు, పంది కొవ్వు పూశారన్న మాట 1857 జనవరిలో అక్కడి సిపాయిల్లోనే పుట్టింది. తూటా కాగితాన్ని పళ్లతో కొరికి చింపాల్సింది సిపాయి. దాన్ని ఎంచింది మాత్రం కంపెనీ. ఆ ఏడాది ఏమైందో చెప్పనక్కరలేదు.

నలభై ఏళ్లకు అదే దమ్‌దమ్ ఆయుధాగారంలో కెప్టెన్ బెర్టీ క్లే మరో తూటా తయారుచేశాడు. ముక్కు దగ్గర రాగి నికెల్ తొడుగు తీసేసి మెత్తటి సీసాన్ని బయటికి వదిలాడు. ఒంట్లో దిగగానే అది పుట్టగొడుగులా విచ్చుకుని పెద్ద గాయం చేస్తుంది. 1899లో హేగ్‌లో దేశాలు కూడి, యుద్ధాల్లో ఇలాంటి తూటా కూడదన్నాయి. బ్రిటన్ ఒప్పుకోలేదు. నాగరికుడైన సైనికుడు దెబ్బ తగిలితే ఆగిపోతాడట, ‘అనాగరికుడు’ ఆగకుండా మీదికొస్తాడట. ఆ మాటన్నవాళ్ల దృష్టిలో అనాగరికులు ఎవరో మనకు తెలుసు. చివరికి 1907లో గానీ బ్రిటన్ దారికి రాలేదు.

మన్యంలో లెక్క

చట్టం తుపాకి ఇవ్వకపోతే ఎక్కడ దొరుకుతుంది? అల్లూరి సీతారామరాజు సమాధానం సూటిగా ఉంది: పోలీసు స్టేషన్‌లో. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. దొరికిన తుపాకులూ తూటాలూ పట్టుకెళ్తూ, ఏమేం తీసుకున్నదీ స్టేషన్ పుస్తకంలో రాసి సంతకం చేయడం ఆయన పద్ధతి. విల్లంబులకైతే అడవిలోనే వెదురు దొరుకుతుంది. పోలీసు తుపాకికి పోలీసు తూటాయే కావాలి. ఆ సంగతి దొరలకూ అర్థమైంది. అక్టోబరులో రాజు దళం అడ్డతీగల, రంపచోడవరం చేరేసరికి స్టేషన్లలోని ఆయుధాలను ముందే దాటించేశారు.

మిగిలిన అంకె

స్వాతంత్ర్యం వచ్చాక 1959లో కొత్త ఆయుధాల చట్టం వచ్చింది. దొరలకు మినహాయింపులు పోయాయి, లైసెన్సు నిలిచింది. సైన్యం, పోలీసులు వాడే .303, .455, 9 మి.మీ. వంటివి నిషిద్ధ బోర్లు, అంటే సామాన్యుడికి కూడని గొట్టం కొలతలు. సామాన్యుడి రివాల్వర్‌కు ప్రధానంగా మిగిలింది .32 బోర్, అంటే సుమారు 8 మి.మీ. ఆ .32 లాంగ్ తూటాను స్మిత్ అండ్ వెసన్ 1896లో తెచ్చింది. న్యూయార్క్ పోలీసులు ఆ ఏడాదే .32 కోల్ట్ రివాల్వర్‌ను ఎంచుకున్నారు. తర్వాత వాళ్లు పెద్ద తూటాలకు మారిపోయారు. మన కాన్పూర్ కర్మాగారంలో మాత్రం .32 ఇంకా పుడుతూనే ఉంది. 2014లో మహిళల కోసమని తెచ్చిన ‘నిర్భీక్’ కూడా అదే బోరు. టైటానియం మిశ్రమంతో చేసిన ఆ అర కిలో రివాల్వర్ ధర అప్పట్లో లక్షా ఇరవై వేల పైమాటే. భయం ఎక్కువగా ఉన్న ఆడపిల్లల్లో దాన్ని కొనగలిగేది ఎందరు?

చంద్రశేఖర్ ఆజాద్ చివరిదాకా పట్టుకున్న కోల్ట్ పిస్టల్‌దీ .32 అంకే. అంకె ఒకటైనా తూటా వేరు. పిస్టల్ తూటా పొట్టిది, రివాల్వర్ తూటా పొడుగు. ఒకదాని బదులు ఇంకోటి పనికిరాదు.

ఎంచుకునే స్వేచ్ఛ ఉన్నచోట మాత్రం పేచీ తీరిందా? 1986 ఏప్రిల్ 11న మయామీలో ఇద్దరు దొంగలతో ఎఫ్‌బీఐ ఏజెంట్లు తలపడ్డారు. ఒక ఏజెంట్ పేల్చిన 9 మి.మీ. తూటా దొంగ ఛాతీలోకి దిగి, గుండెకు కొద్ది దూరంలో ఆగిపోయింది. ఆ దొంగ పోరు ఆపలేదు. ఇద్దరు ఏజెంట్లు చనిపోయారు. అప్పటి నుంచి ఒంటి కండకు బదులుగా జెలటిన్ దిమ్మెల మీద పరీక్షలు: తూటా కనీసం 12 అంగుళాలు దిగాలి, 18 దాటకూడదు. దిగకపోతే ఎదుటివాడు ఆగడు, దాటితే వెనకున్న అమాయకుడికి తగులుతుంది. అందుకే అక్కడ విచ్చుకునే బోలు ముక్కు తూటాకు గిరాకీ. యుద్ధంలో క్రూరమని హేగ్ కాదన్నది వీధిలో జాగ్రత్త అయింది. ఎఫ్‌బీఐ 10 మి.మీ. అంది, .40 అంది, ముప్పై ఏళ్లు తిరిగి మళ్లీ 9 మి.మీ. దగ్గరికే వచ్చింది.

మన దగ్గర లైసెన్సు పుస్తకమే ఎన్ని తూటాలు కొనొచ్చో, ఎన్ని దగ్గరుంచుకోవచ్చో చెబుతుంది. 2016 నిబంధనలతో శిక్షణ కావాలి. 2019 సవరణ ప్రకారం పెళ్లి ఊరేగింపులో సంబరానికి పేలిస్తే రెండేళ్ల దాకా జైలు. ఇక ఎన్నికలొస్తే, ప్రాణభయముందని తెచ్చుకున్న ఆ రివాల్వర్‌ను చాలామంది స్టేషన్‌లో అప్పగించాల్సిందే. నాడు చింతపల్లిలో రామరాజు తుపాకులు తీసుకుని స్టేషన్‌లో కాగితం రాసిచ్చాడు. నేడు పౌరుడు తుపాకి ఇచ్చి స్టేషన్ నుంచి రసీదు తెచ్చుకుంటాడు.