కంట్రోల్ తప్పిన కంట్రోల్ మీట

'ఎల్' కొడితే కంప్యూటర్ లాక్ అవుతుంది. 'ఇ' కొడితే ఫోల్డర్లు తెరుచుకుంటాయి. 'డి' కొడితే విండోలన్నీ కిందికి దిగిపోతాయి. అక్షరం మాత్రం ఒక్కటీ పడదు. సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తున్నామని తెలిస్తే చాలు, చుట్టాలింటికి వెళ్ళినప్పుడల్లా ఎవరో ఒకరు ఈ జబ్బుకి మందు అడుగుతూనే ఉంటారు. మొన్న కౌడిపల్లిలో జిరాక్సు, డీటీపీ చేసే ఒక చిన్న షాపులో ఇదే గొడవ. "వైరస్ అంటున్నరన్నా, ఫార్మాట్ కొట్టాల్నట" అన్నాడు షాపతను. ఆ డిస్కులో ఏళ్ళ తరబడి కొట్టిన పెళ్ళిపత్రికలు, దరఖాస్తులు ఉన్నాయి. బ్యాకప్ అనే మాటే లేదు. తీరా చూస్తే ఎడమవైపు విండోస్ మీట నొక్కితే లోపలికి పోయి, దాని ఇష్టమొచ్చినప్పుడు పైకి వస్తోంది. ఊడదీసి తుడిస్తే సరిపోయింది.

ఒక మీట ఇరుక్కుంటే డిస్కంతా చెరిపేసుకునే దాకా ఎందుకు పోతాం? నా మటుకు కారణం ఒకటే. మీట నొక్కితే కీబోర్డు అక్షరాన్ని పంపిస్తుందని మనమంతా నమ్ముతున్నాం. పీసీ కీబోర్డు ఏనాడూ అక్షరాలు పంపలేదు. అది ఎలా జరిగిందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

ఒకే మీటకి రెండు పనులు అప్పగించడం టైపు మిషన్లతో మొదలైంది. 1878లో వచ్చిన రెమింగ్టన్ 2లో షిఫ్ట్ మీట ఉంది. ఆ పేరు ఊరికే పెట్టలేదు, అది నొక్కితే మిషన్‌లో ఒక భాగం నిజంగానే చోటు మారేది. మన క్యాప్స్ లాక్‌కి తాత ఆ కాలపు షిఫ్ట్ లాకే.

కంట్రోల్ మీట టెలిటైపుల నుంచి వచ్చింది. 1963లో ఆస్కీ ప్రమాణం, టెలిటైప్ మోడల్ 33 రెండూ వచ్చాయి. కంట్రోల్ చేసే పని చాలా సింపుల్: అక్షరం కోడ్‌లో పై బిట్లని సున్నా చేసేస్తుంది. 'సి' కోడ్ 67. అందులోంచి 64 పోతే 3, అంటే "పాఠం ముగిసింది". 'జి' 71, 64 పోతే 7, అవతలి మిషన్‌లో గంట మోగుతుంది. 'ఎం' 77, 64 పోతే 13, మన ఎంటర్. టెర్మినల్లో కంట్రోల్-ఎం కొడితే ఎంటర్ ఎందుకు పడుతుందో ఎప్పుడైనా ఆలోచించారా? అరవై ఏళ్ళ నాటి తీసివేత లెక్క అది :)

ఇక్కడ గమనించాల్సిందేంటంటే, టెలిటైపులో కంట్రోల్ నొక్కి ఉందా లేదా అన్నది అవతలి కంప్యూటర్‌కి తెలియదు. దానికి చేరేది తయారైన కోడ్ మాత్రమే. మీట పైకి లేచిందంటే వ్యవహారం ముగిసినట్టే.

1981 ఆగస్టులో ఐబీఎం పీసీ వచ్చింది. 83 మీటల కీబోర్డు, దాని లోపల సొంతంగా ఒక ఇంటెల్ 8048 చిప్పు. ఇది అక్షరాలు పంపదు, వార్తలు పంపుతుంది. "29వ నంబర్ మీట కిందికి దిగింది." కాసేపటికి, "29వ నంబర్ మీట పైకి లేచింది." రెండో వార్తకి కోడ్ 29కి 128 కలిపితే వచ్చే 157. ఆ 29 కంట్రోల్ మీటే. మొదటి వార్త రాగానే బయోస్ తన మెమరీలో "కంట్రోల్ నొక్కి ఉంది" అని ఒక బిట్ పెట్టుకుంటుంది. రెండోది రాగానే తీసేస్తుంది. ఆ మధ్యలో వచ్చిన ప్రతి మీటకీ అర్థం ఆ బిట్‌ని బట్టి మారిపోతుంది.

చాలా తెలివైన ఏర్పాటు. ఏ మీటకి ఏ అర్థమో సాఫ్ట్‌వేర్ నిర్ణయించుకోవచ్చు. ఒకే కీబోర్డు మీద తెలుగు, ఇంగ్లీషు రెండూ కొట్టగలుగుతున్నామంటే దీనివల్లే. కానీ ఆ 157 దారిలో తప్పిపోతే? మన వేలు ఎప్పుడో లేచిపోయింది, కంప్యూటర్ మాత్రం ఇంకా నొక్కే ఉందనుకుంటుంది. కంట్రోల్‌ని ఒకసారి నొక్కి వదిలితే సరైపోతుందనే చిట్కా మంత్రం కాదు. పోయిన వార్తని మళ్ళీ పంపిస్తున్నాం, అంతే. ఉత్తరం తప్పిపోతే మళ్ళీ రాసినట్టు. రెండువైపులా ఉన్న మీటలు నొక్కాలి సుమా, ఎడమ కంట్రోల్, కుడి కంట్రోల్ వేర్వేరు కోడ్‌లు పంపుతాయి.

అన్నట్టు, ఇలాంటి తికమకంటే అస్సలు పడని మనిషి ఒకాయన ఉండేవాడు, లారీ టెస్లర్. జిరాక్స్ పార్క్‌లో 1970ల నడుమ టిమ్ మాట్‌తో కలిసి జిప్సీ అనే ఎడిటర్ చేశాడు. మీట నొక్కితే అక్షరమే పడాలి, దానికి వేరే అర్థం ఉండే "మోడ్" ఉండకూడదని ఆయన పట్టుదల. కారు నంబర్ ప్లేటు కూడా "నో మోడ్స్" అని పెట్టుకున్నాడు. కట్, కాపీ, పేస్ట్ మనకిచ్చినవాళ్ళలో ముఖ్యుడు. వాటిని పక్కపక్కనున్న ఎక్స్, సి, వి మీటలకి ముడిపెట్టింది 1983 నాటి ఆపిల్ లీసా. ఆపిల్ దానికోసం వేరే మీట పెట్టింది. విండోస్ 3.1 (1992) మాత్రం ఉన్న కంట్రోల్ మీటకే కట్టేసింది. టెర్మినల్లో ఏదో కాపీ చేద్దామని కంట్రోల్-సి కొట్టి, నడుస్తున్న ప్రోగ్రామ్‌ని చంపుకునే కష్టం ఆ నిర్ణయం వల్లే. 1994లో మైక్రోసాఫ్ట్ నేచురల్ కీబోర్డుతో విండోస్ మీట కూడా వచ్చి చేరింది.

విండోస్ 95 నుంచి ఇంకో తిరకాసు ఉంది, స్టికీ కీస్. ఒంటిచేత్తో టైపు చేసేవాళ్ళకి ఇది వరం. కంట్రోల్ నొక్కి వదిలేసినా అది పట్టుకునే ఉంటుంది, రెండుసార్లు నొక్కితే తాళం పడుతుంది. షిఫ్ట్ అయిదుసార్లు కొట్టి, వచ్చిన ప్రశ్నకి చదవకుండా "యెస్" అన్నవాళ్ళందరూ ఇందులో చిక్కుకున్నవాళ్ళే.

ఇక మన తెలుగు సంగతి. 1986లో మొదలైన ఇన్‌స్క్రిప్ట్ అమరికని ఇంగ్లీషు కీబోర్డు మీదే పరిచారు. విండోస్‌లో మీట మీద తెలుగు అక్షరమున్నా, షార్ట్‌కట్‌ల దగ్గర దాని పాత ఇంగ్లీషు పేరే చెల్లుతుంది. 'మ' మీట అసలు పేరు 'సి'. పొల్లు మీట అసలు పేరు 'డి'. కంట్రోల్ ఇరుక్కున్నప్పుడు బ్రౌజర్లో "అమ్మ" అని కొట్టి చూడండి. 'మ'కి కాపీ, పొల్లుకి బుక్‌మార్కు, మళ్ళీ 'మ'కి కాపీ. వత్తు వత్తుకీ ఒక బుక్‌మార్కు! ఆర్టీఎస్ పద్ధతిలో కొట్టేవాళ్ళకి షిఫ్ట్ కూడా ప్రమాదమే. ఇంగ్లీషులో షిఫ్ట్ ఇరుక్కుంటే అక్షరాలు పెద్దవవుతాయి, మాట మారదు. మనకి 'త'కీ 'ట'కీ తేడా షిఫ్టే కాబట్టి తాత కాస్తా టాటా అయిపోతాడు. క్యాప్స్ లాక్ పడితే టటా.

మరి ఏం చేయాలి? ముందు షిఫ్ట్, కంట్రోల్, ఆల్ట్, విండోస్ మీటలు అన్నీ ఒక్కొక్కటిగా నొక్కి వదలండి. తగ్గకపోతే స్టికీ కీస్ చూడండి. ఆ తర్వాత మౌసుతో ఆన్-స్క్రీన్ కీబోర్డు తెరిస్తే ఏ మీట నొక్కి ఉందో దాని మీద వెలుగుతూ కనిపించవచ్చు. వేరే కీబోర్డు పెట్టినా అలాగే ఉంటే తప్పు కీబోర్డుది కాదు. ఫార్మాట్ సంగతి ఎత్తేముందు ఇవన్నీ చేయడానికి అయిదు నిమిషాలు పట్టదు.

యూఎస్‌బీ కీబోర్డులు ఈ తంటాని కొంత తగ్గించాయి. వాటి మామూలు రిపోర్టు 8 బైట్లు, మొదటి బైటులో ఒక్కో బిట్ ఒక్కో షిఫ్ట్, కంట్రోల్, ఆల్ట్, విండోస్ మీటది, ఎడమ నాలుగూ కుడి నాలుగూ. ప్రతిసారీ మొత్తం పరిస్థితి చెబుతుంది కాబట్టి ఒక రిపోర్టు పోయినా తర్వాతది సరిదిద్దుతుంది. కానీ పైనున్న ఆపరేటింగ్ సిస్టమ్ ప్రోగ్రాములకి చేరవేసేది మళ్ళీ ఆ పాత "దిగింది, లేచింది" వార్తలనే. అందుకే మన ఆఫీసుల్లో ఈ జబ్బు ఎక్కువగా రిమోట్ డెస్క్‌టాప్‌లో కనిపిస్తుంది. ఆల్ట్-టాబ్ కొట్టి బయటికొస్తాం. ఆల్ట్ దిగిన వార్త లోపలి కంప్యూటర్‌కి వెళ్ళింది, లేచిన వార్త మన కంప్యూటర్ దగ్గరే ఆగిపోయింది. అప్పుడు ఆ విండోలోకే తిరిగి వెళ్ళి ఆల్ట్ నొక్కి వదలాలి. బయట ఎన్నిసార్లు నొక్కినా లోపలిదానికి ఆ కబురు అందదు.