ఫిలిప్ వాళ్ళమ్మ

మావాడికి ఏడీహెచ్‌డీ అని తేలిన రోజు డాక్టరుగారు చివర్లో నన్నడిగారు: "మీకు నిద్ర పడుతోందా అమ్మా?" వెంటనే జవాబు రాలేదు. అప్పటిదాకా అందరూ అడిగింది ఒకటే, "వాణ్ణి ఎలా పెంచుతున్నావు?" అని.

మొదటి ప్రశ్న నుంచి రెండోదాకా రావడానికి ఎన్నేళ్ళు పట్టిందో తర్వాత చదివి తెలుసుకున్నాను.

ఫ్రాంక్‌ఫర్ట్ డాక్టరు హైన్‌రిష్ హాఫ్‌మన్ 1844 క్రిస్మస్‌కి మూడేళ్ళ కొడుకు కోసం ఓ బొమ్మల పుస్తకం తయారుచేశాడు. అందులోకి తర్వాతి కూర్పులో వచ్చిన ఫిలిప్ కుదురులేని పిల్లాడు. కుర్చీ ఊపి ఊపి, బల్లమీది గుడ్డతో సహా భోజనమంతా కిందికి లాగేస్తాడు. నాన్న కోప్పడతాడు. అమ్మ మాట్లాడకుండా చూస్తుంటుంది. ఏడీహెచ్‌డీ చరిత్ర చాలాసార్లు ఫిలిప్‌తోనే మొదలవుతుంది. నేను మాత్రం వాళ్ళమ్మ దగ్గరే ఆగిపోయాను.

1902లో లండన్‌లో జార్జ్ స్టిల్ ఇలాంటి పిల్లల గురించి ఉపన్యాసాలిస్తూ, వాళ్ళలో లోపించింది 'నైతిక నిగ్రహం' అన్నాడు. నైతికం అన్నాక ఆ మాట ఇంట్లోవాళ్ళ మీదికి రాకుండా ఉంటుందా?

1968లో రిచర్డ్ బెల్ అనే మనస్తత్వవేత్త ఎదురు ప్రశ్న వేశాడు: పెద్దలు పిల్లల్ని మలుస్తారు సరే, పిల్లలు పెద్దల్ని మలచరా? 1979లో రసెల్ బార్క్‌లీ, చార్లెస్ కనింగ్‌హామ్ దీన్ని పరీక్షించి చూపించారు. పిల్లలకి కొన్నాళ్ళు మిథైల్‌ఫెనిడేట్, కొన్నాళ్ళు ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. అసలు మందు వేసుకున్నప్పుడు పిల్లలు ఎక్కువ మాట విన్నారు. అమ్మల అదిలింపులూ తగ్గాయి. అమ్మలకి మాత్రం ఎవరూ ఏ మందూ ఇవ్వలేదు.

అలాగని తప్పంతా పిల్లల మీదికి నెట్టేయడానికీ లేదు. అమెరికాలో 579 మంది పిల్లలతో జరిగిన పెద్ద అధ్యయనం ఫలితాలు 1999లో వచ్చాయి. వాటినే 2003లో మళ్ళీ పరిశీలిస్తే, అమ్మానాన్నల్లో డిప్రెషన్ లక్షణాలున్నచోట మందు వాడిన పిల్లలకి కూడా మేలు తక్కువగా కనిపించింది. పైగా ఏడీహెచ్‌డీలో వంశపారంపర్యం పాలు చాలా ఎక్కువ. పిల్లాణ్ణి కుదురుగా కూర్చోబెట్టాల్సిన మనిషికే కుదురు లేకపోవచ్చు.

ఇది చదివాక నాకు ఊరట కలిగింది, భయమూ వేసింది. వాడి అల్లరికి నేను కారణం కాదు. కానీ నేను పడుకోని రాత్రుల ప్రభావం వాడి మీద పడకుండానూ ఉండదు.

తర్వాతిసారి వెళ్ళినప్పుడు వాడి మందుల చీటీ రాయించుకున్నాక లేవలేదు. "పోయినసారి నిద్ర గురించి అడిగారు కదా," అని నేనే మొదలుపెట్టాను.