చిల్లర వర్తకంలో పోటీ ఆధిక్యత

ఒకే రకమైన సరుకులను అమ్మే పలు దుకాణాలలో ఒక దుకాణం గాని, ఒక సంస్థ గాని మిగిలినవాటి కంటే మెరుగైన లాభంతో దీర్ఘకాలం నిలబడగలగడాన్ని '''చిల్లర వర్తకంలో పోటీ ఆధిక్యత''' అంటారు. ఉప్పు, పప్పు, సబ్బు వంటి సరుకులు ఏ అంగడిలో కొన్నా ఒకటే. కాబట్టి ఈ వ్యాపారంలో ఆధిక్యత సరుకు వలన కాక, ఆ సరుకును తెచ్చే, నిల్వచేసే, అమ్మే పద్ధతి వలన కలుగుతుంది.

భావన

పోటీ ఆధిక్యత అనే మాటకు విస్తృత ప్రచారం కల్పించినవాడు హార్వర్డ్ ఆచార్యుడు మైకేల్ పోర్టర్. 1985లో వెలువడిన ఆయన గ్రంథానికి ఇదే పేరు. ఆయన ప్రకారం ఒక సంస్థ ముందున్న ప్రధాన మార్గాలు మూడు:

* అందరికంటే తక్కువ ఖర్చుతో వ్యాపారం నడపడం
* ఇతరుల వద్ద లేని ప్రత్యేకతను చూపడం
* ఒక ప్రాంతానికో, ఒక వర్గానికో పరిమితమై అక్కడ మేటిగా ఉండడం

పోటీదారుడు రేపే అనుకరించగలిగినది ఆధిక్యత కాదు. పండుగ తగ్గింపు ధరలను పక్క అంగడివారు మరునాడే ప్రకటించగలరు. ఏళ్ళ తరబడి కూడగట్టుకున్న నమ్మకాన్ని గాని, సరఫరా ఏర్పాట్లను గాని అంత త్వరగా అందుకోలేరు.

ఆధిక్యతకు మూలాలు

'''కొనుగోలు శక్తి:''' ఎక్కువ పరిమాణంలో కొనేవారికి కంపెనీలు తక్కువ ధరకు ఇస్తాయి. భారతదేశంలో ప్యాకెట్ సరుకులపై గరిష్ఠ చిల్లర ధర ముద్రించి ఉంటుంది. పెద్ద సంస్థలు తమకు దక్కిన తగ్గింపులో కొంత వదులుకొని అంతకంటే తక్కువకు అమ్ముతాయి. టోకు వర్తకుని వద్ద కొద్దికొద్దిగా కొనే చిన్న అంగడికి ఆ వెసులుబాటు తక్కువ.

'''రొటేషను:''' సరుకు ఎంత త్వరగా అమ్ముడై డబ్బు తిరిగి చేతికి వస్తుందన్నది లాభశాతం కంటే ముఖ్యం కావచ్చు. ఉదాహరణకు లక్ష రూపాయల సరుకును 20 శాతం లాభంతో ఏడాదికి 4 సార్లు తిప్పిన వర్తకునికి ఖర్చులు పోకముందు 80,000 రూపాయలు మిగులుతాయి. అదే సరుకును 8 శాతం లాభంతో 12 సార్లు తిప్పినవానికి 96,000 రూపాయలు వస్తాయి. ధర తగ్గించిన వర్తకుడే ఎక్కువ సంపాదించడంలోని రహస్యం ఇదే.

'''గిడ్డంగులు, రవాణా:''' 1962లో అమెరికాలోని ఆర్కన్సాస్ రాష్ట్రంలో శామ్ వాల్టన్ ప్రారంభించిన వాల్‌మార్ట్, పెద్ద సంస్థలు పట్టించుకోని చిన్న పట్టణాలను ఎంచుకున్నది. ఒక గిడ్డంగి చుట్టూ లారీలు సులభంగా చేరగల దూరంలో దుకాణాలను నెలకొల్పి రవాణా ఖర్చు తగ్గించుకున్నది.

'''స్థలం:''' ఇంటికి దగ్గరగా ఉండడం ఒక ఆధిక్యత. స్వంత భవనం మరొకటి. అద్దె పెరిగినపుడు స్వంత భవనం గలవారికి ఆ భారం ఉండదు.

'''నమ్మకం:''' తూకం, నాణ్యత, అమ్మిన వస్తువును తిరిగి తీసుకొనే పద్ధతి దీని కిందకు వస్తాయి. మందులు, బంగారం వంటి వాటిలో కొనేవాడు నాణ్యతను స్వయంగా పరీక్షించలేడు కనుక నమ్మకానికి విలువ మరింత ఎక్కువ.

తెలుగునాట ఉదాహరణలు

డీమార్ట్: రాధాకిషన్ దమానీ స్థాపించిన ఈ సంస్థ 2002లో ముంబైలోని పొవాయ్‌లో మొదటి దుకాణాన్ని తెరచి, తరువాత తెలుగు రాష్ట్రాలకు విస్తరించింది. చాలావరకు స్వంత స్థలాలలో దుకాణాలు కట్టడం, త్వరగా అమ్ముడయ్యే సరుకులకే ప్రాధాన్యమివ్వడం, సరఫరాదారులకు సొమ్ము త్వరగా చెల్లించి ధరలో తగ్గింపు పొందడం దీని పద్ధతులు. 2017 మార్చి నాటికి 131గా ఉన్న దుకాణాలు 2025 మార్చి నాటికి 415 అయ్యాయి.

మెడ్‌ప్లస్: 2006లో హైదరాబాదులో వైద్యుడైన గంగడి మధుకర్ రెడ్డి దీనిని ప్రారంభించారు. నకిలీ మందుల భయం ఉన్న రంగంలో అసలైన మందులు దొరుకుతాయన్న నమ్మకమే దీనికి పునాది. 2021 డిసెంబరులో ఈ సంస్థ వాటాలు స్టాక్ ఎక్స్ఛేంజీలలో నమోదయ్యాయి.

బజాజ్ ఎలక్ట్రానిక్స్: 1980లో హైదరాబాదులో ఒకే దుకాణంతో మొదలైంది. దేశమంతా విస్తరించడానికి బదులు ప్రధానంగా తెలుగు రాష్ట్రాలపై దృష్టి నిలిపి బలపడింది. పోర్టర్ చెప్పిన మూడవ మార్గానికి ఇది ఉదాహరణ.

ఆధిక్యతను నిలబెట్టుకోవడం

ఆధిక్యతను సాధించడం కంటే నిలబెట్టుకోవడం కష్టం. 1997లో చెన్నైలో మొదలైన సుభిక్ష, 2008 నాటికి ఆంధ్రప్రదేశ్‌తో సహా పలు రాష్ట్రాలలో సుమారు 1,600 దుకాణాలకు పెరిగింది. అప్పులపై ఆధారపడి వేగంగా విస్తరించడంతో చేతిలో నగదు కరువై, సరఫరాదారులకూ సిబ్బందికీ చెల్లింపులు నిలిచిపోయాయి. 2009లో దుకాణాలు మూతపడ్డాయి.

హైదరాబాదులో పేరుపొందిన త్రినేత్ర సూపర్‌మార్కెట్లను 2007లో ఆదిత్య బిర్లా గ్రూపు కొనుగోలు చేసింది. తరువాత అవి 'మోర్' పేరుతో నడిచాయి. హెరిటేజ్ ఫుడ్స్ తన చిల్లర దుకాణాల విభాగాన్ని ఫ్యూచర్ రిటైల్‌కు అప్పగించడానికి 2016లో ఒప్పందం చేసుకున్నది. ఆ ఫ్యూచర్ రిటైల్ కూడా అప్పుల భారంతో 2022లో దివాలా ప్రక్రియలోకి వెళ్ళింది. దుకాణాల సంఖ్య పెరిగినంత మాత్రాన ఆధిక్యత పెరగదని ఈ చరిత్ర తెలుపుతుంది.

చిన్న పట్టణాలలో పరిస్థితి

కర్నూలు - ఆత్మకూరు రహదారిపై ఉన్న నందికొట్కూరు, 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన నంద్యాల జిల్లాలోని వ్యవసాయాధార పట్టణం. జిల్లా కేంద్రం నంద్యాల అయినా, నందికొట్కూరుకు కర్నూలు నగరం సుమారు 30 కిలోమీటర్ల దూరంలోనే ఉంది. పెళ్ళి బట్టలకు, బంగారానికి, టీవీలకు నగరం వెళ్ళి రావడం సులభం కావడం ఇటువంటి పట్టణాల వర్తకులకు పెద్ద పరీక్ష. రోజువారీ సరుకుల విషయంలో మాత్రం బస్సు ఛార్జీ, పోయే పూట స్థానిక అంగడికి రక్షణగా నిలుస్తాయి.

చిన్న అంగడికి ఉన్న మరో బలం అరువు. పంట అమ్ముడైతే గాని సొమ్ము కళ్ళజూడని రైతు కుటుంబానికి, పద్దు రాసుకొని సరుకులిచ్చే వర్తకుడే నెలల తరబడి ఆధారం. ఎవరికి ఎంతవరకు ఇవ్వవచ్చో వర్తకునికి తెలుసు. ఈ తెలివిడి పెద్ద సంస్థల కంప్యూటర్లకు సులభంగా అందేది కాదు. పది రూపాయల నూనె, పావు కిలో చక్కెర అమ్మడం, తూకం అయ్యాక కొసరు వేయడం కూడా కొనుగోలుదారును కట్టిపడేస్తాయి.

అయితే అరువుకు రెండో వైపు కూడా ఉంది. పంట పోయిన ఏడు బాకీలు వసూలు కావు. వర్తకుని పెట్టుబడి పద్దుపుస్తకంలోనే చిక్కుకొని రొటేషను ఆగిపోతుంది. కొన్నిచోట్ల అరువు సరుకు ధర నగదు ధర కంటే ఎక్కువ. అప్పుడు బాకీ ఉన్నవాడు మరో అంగడికి పోలేక ఆ ధరకే కొనవలసి వస్తుంది. ఇది వర్తకునికి ఆధిక్యతే గాని కొనుగోలుదారునికి మేలు కాదు.

ప్రభుత్వ పాత్ర

రైతులు తమ కూరగాయలను దళారులు లేకుండా నేరుగా అమ్ముకొనేందుకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1999 జనవరి 26న రైతుబజార్లను ప్రారంభించింది. పలు కంపెనీల సరుకులమ్మే చిల్లర వ్యాపారంలో 51 శాతం వరకు విదేశీ పెట్టుబడులను కేంద్ర ప్రభుత్వం 2012లో అనుమతించి, తుది నిర్ణయాన్ని రాష్ట్రాలకు వదిలింది. చిన్న వర్తకుల జీవనోపాధి దెబ్బతింటుందని ఒక వర్గం, రైతుకూ కొనుగోలుదారుకూ మంచి ధర దక్కుతుందని మరొక వర్గం అప్పట్లో వాదించాయి. 2016లో వచ్చిన యూపీఐ వలన చెల్లింపు సౌకర్యంలో పెద్ద దుకాణానికీ కిరాణా కొట్టుకూ మధ్య తేడా చాలావరకు తగ్గింది.

ఇవి కూడా చూడండి

* రైతుబజారు
* సంత
* నందికొట్కూరు
* వస్తు సేవల పన్ను