ఆమేన్ వెనకాల ఏముంది?

ఈ ఎపిసోడ్ ఒక మెసేజ్ వల్ల చేస్తున్నా. మన వీడియోలు చూసే తమ్ముడొకడు రాశాడు: "అన్నా, జాబ్ పోయి ఏడు నెలలైంది. ప్రార్థన చేస్తుంటే లోపల ఏమీ అనిపిస్తలేదు. నా విశ్వాసం పోయినట్టేనా?" దీనికి ఒక్క లైన్లో రిప్లై ఇవ్వడం నావల్ల కాలేదు. అందుకే కొంచెం హిస్టరీలోకి పోదాం.

మా మరిపెడలో బడి మొహం చూడని ముసలమ్మలు కూడా ప్రతి ఆదివారం హీబ్రూ మాట్లాడతారు. నవ్వకండి, నిజమే. ఆమేన్ హీబ్రూ మాట. హల్లెలూయ కూడా అంతే. ఆమేన్ పుట్టిన ధాతువు నుంచే "ఎమూనా" అనే ఇంకో మాట వచ్చింది. మన తెలుగు బైబిల్లో విశ్వాసం, నమ్మకం అని చదివే చోట్ల దాని వెనకాల చాలాసార్లు ఉండేది ఇదే. హబక్కూకు రెండో అధ్యాయంలో నీతిమంతుడు దేనివల్ల బతుకుతాడో చెప్పిన మాట ఉంది కదా, అక్కడుంది. కొత్త నిబంధనలో రోమా, గలతీ, హెబ్రీ పత్రికలు మూడూ ఆ వాక్యాన్నే ఎత్తుకున్నాయి.

అయితే ఇదే ఎమూనా నిర్గమకాండం 17లో వేరే సందర్భంలో కనిపిస్తుంది. అమాలేకీయులతో యుద్ధం జరుగుతోంది. మోషే చేతులు ఎత్తి ఉంచినంతసేపు ఇశ్రాయేలీయులదే పైచేయి. కానీ ఎంతసేపని ఎత్తుతాడు? చేతులు గుంజుతాయి, దిగిపోతాయి. అప్పుడు ఒక రాయి తెచ్చి కూర్చోబెట్టారు. అహరోను ఒకవైపు, హూరు ఇంకోవైపు నిలబడి ఆ చేతుల్ని పట్టుకున్నారు. పొద్దు గూకేదాకా చేతులు "ఎమూనా"గా ఉన్నాయి అంటుంది హీబ్రూ మూలం. అంటే వణక్కుండా, నిలకడగా. అక్కడ మోషేకి లోపల ఏమనిపించిందో పుస్తకం ఒక్క ముక్క కూడా చెప్పదు. ఎవరు పట్టుకున్నారో మాత్రం పేర్లతో సహా రాసిపెట్టింది.

ఇది మొదటిసారి తెలిసినప్పుడు నేను ఫోన్ పక్కనపెట్టి కాసేపు అలాగే కూర్చున్నా.

ఇంకో మాట "తిక్వా". మనం నిరీక్షణ అని చదువుతాం. యెహోషువ రెండో అధ్యాయంలో యెరికోలో రాహాబు కిటికీకి ఎర్ర దారం కడుతుంది చూడండి, ఆ తాడుకి హీబ్రూలో ఉన్న మాట కూడా తిక్వానే. పట్టణం కూలేటప్పుడు ఆ ఇంటిని కాపాడింది ఆ దారమే. తెలుగులోకి వచ్చేసరికి దారం, నిరీక్షణ వేర్వేరు మాటలైపోయి ఆ లింకు తెగింది. అనువాదకుల తప్పు కాదులెండి, ఏ భాషలోనైనా అంతే. పైగా వాళ్లు ఎంచుకున్న మాట నాకు చాలా నచ్చుతుంది. ఆశ అంటే మన భాషలో అత్యాశ వాసన కూడా వస్తుంది. నిరీక్షణ అంటే ఎదురుచూపు. జైల్లో ఉన్నవాడి కోసం ఎదురుచూసే అమ్మాయి కథకి బాలు మహేంద్ర పెట్టిన పేరు కూడా అదే. తిక్వా ధాతువులోనూ ఎదురుచూడటం ఉంది.

ఈ మాటల్ని అంత పట్టుదలగా పట్టుకున్నది ఎవరు? గెలిచినవాళ్లు కాదు. క్రీ.పూ. 586 ప్రాంతంలో బబులోను సైన్యం యెరూషలేము గుడిని కాల్చేసి జనాన్ని చెరపట్టుకుపోయింది. ఆ బాధలోంచి వచ్చినవే విలాపవాక్యములు. అయిదు అధ్యాయాలు. మొదటి నాలుగూ హీబ్రూ అక్షరమాల 22 అక్షరాల వరసలో కట్టిన ఏడుపు పాటలు. నడిమధ్యలో మూడో అధ్యాయంలో నిరీక్షణ మాట వస్తుంది. అదీ గట్టిగా కాదు, నోరు మట్టిలో పెట్టుకుని "ఉంటుందేమో" అన్నట్టు. ఆ "ఏమో"ని కూడా లేఖనంలో ఉంచారంటే ఆలోచించండి. 88వ కీర్తనైతే చీకటి అనే మాటతోనే ఆగిపోతుంది. దానికి సంతోషమైన ముగింపు అతికించాలని ఎవరూ చూడలేదు.

ఇవి తెలుగులోకి రావడానికి చాలా కాలం పట్టింది. విశాఖపట్నంలో డెస్ గ్రాంజెస్ అనే మిషనరీ, ఆనందరాయర్ అనే తెలుగు పండితుడు కలిసి పనిచేసిన సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. పాత నిబంధన మొత్తం చేతికి రావడానికి 19వ శతాబ్దం సగం దాటింది. అంటే ఒక తరం తెలుగు క్రైస్తవులు పాత నిబంధన పూర్తిగా చదవకుండానే వెళ్లిపోయారు.

మా దగ్గరికి వద్దాం. మరిపెడ, డోర్నకల్ రెండూ ఒకప్పుడు వరంగల్ జిల్లా, ఇప్పుడు మహబూబాబాద్. ఎలక్షన్ వస్తే ఒకే నియోజకవర్గం. తిరునెల్వేలి వైపు నుంచి వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు 1909లో డోర్నకల్ వచ్చారు. అప్పుడది నిజాం రాజ్యం. ఆయన చుట్టూ చేరినవాళ్లలో ఎక్కువమంది మాల, మాదిగ పల్లెల జనం, వెట్టి తెలిసినవాళ్లు. ఐగుప్తులో ఇటుకలు చేయించుకున్న దొరల కథ వాళ్లకి వివరించి చెప్పాల్సిన పనేముంది? చదువు రానివాళ్లు పది ఆజ్ఞలు నోటితో నేర్చుకున్నారు.

అజరయ్య గారు 1910లో ఎడిన్‌బరో సభలో మాట్లాడారు. మిషనరీల త్యాగానికి థాంక్స్ చెప్పి, ఆ తర్వాత వాళ్లని అడిగింది డబ్బు కాదు, స్నేహం. సమానంగా పక్కన కూర్చోమని. హాల్లో కొంతమందికి అది మింగుడుపడలేదు. 1912 డిసెంబర్ 29న ఆయన ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్ అయ్యారు. డోర్నకల్ కెథెడ్రల్ 1939లో ప్రతిష్ఠ అయింది. గుడి గోపురాల పోలిక, మసీదు పోలిక రెండూ ఉంటాయి, రైలు దిగితే చూసి రండి.

ఇక ఆ తమ్ముడికి పంపిన రిప్లై చెప్తా. "88వ కీర్తన చదువు, నీలాంటోడే రాశాడు. విశ్వాసం పోయిందో లేదో లెక్క ఇప్పుడే తేల్చకు, చేతులు గుంజుతున్నాయి అంతే. ఈ ఆదివారం బస్సెక్కి మరిపెడ రా. మా అమ్మ అన్నం వండుతది. నేను ఒకవైపు కూర్చుంటా, ఇంకోవైపుకి ఎవరినన్నా చూద్దాం."

వస్తానన్నాడు.