పట్టికల కలయిక: 'జాయిన్' ఎలా రూపొందింది?

రెండు పట్టికలను ఊహించుకోండి. మొదటిదానిలో అభ్యర్థుల ప్రవేశ సంఖ్య, పేరు, ఊరు ఉన్నాయి. రెండోదానిలో ప్రవేశ సంఖ్య, పేపరు, మార్కులు ఉన్నాయి. చరిత్ర పేపరులో ఉత్తీర్ణులైనవారి పేర్లు కావాలంటే ఏ ఒక్క పట్టికా సరిపోదు. రెండింటిలోనూ ఉన్న ప్రవేశ సంఖ్య ఆధారంగా వరుసలను జతపరచాలి. ఈ ప్రక్రియనే 'జాయిన్' అంటారు. నేడు ఇది సహజంగా తోచినా, ఒకప్పుడు దీనిపై తీవ్రమైన వాదం నడిచింది.

1960లలో అపోలో కార్యక్రమం కోసం ఐబీఎం రూపొందించిన ఐఎంఎస్‌లో సమాచారం చెట్టు కొమ్మల్లా అమరి ఉండేది. జనరల్ ఎలక్ట్రిక్‌లో చార్లెస్ బాక్‌మన్ రూపొందించిన ఐడీఎస్‌లో రికార్డులు గొలుసులా ముడిపడి ఉండేవి. రెండింటిలోనూ సంబంధాలను ముందే నిర్ణయించాలి. ప్రోగ్రామర్ ఆ దారి వెంటే నడవాలి. అమరిక మారితే ప్రోగ్రాములనూ మార్చవలసి వచ్చేది.

1970లో ఐబీఎం శాన్ హోసే పరిశోధనశాలకు చెందిన ఎడ్గర్ కాడ్ రిలేషనల్ నమూనాను ప్రతిపాదించాడు. ఆక్స్‌ఫర్డ్‌లో గణితం చదివిన ఆయన, సమితుల సిద్ధాంతాన్ని ఆధారం చేసుకున్నాడు. పట్టికల మధ్య ముందుగా దారులు వేయనక్కరలేదు. ఉమ్మడి విలువ ఉంటే, ప్రశ్న అడిగినప్పుడే వాటిని కలపవచ్చు. అంటే ఎవరూ ముందుగా ఊహించని ప్రశ్నకు కూడా సమాధానం దొరుకుతుంది.

అయితే వేగం సంగతేమిటి? 1,000 మంది అభ్యర్థులు, 5,000 మార్కుల వరుసలు ఉన్నాయనుకోండి. ప్రతి వరుసనూ ప్రతి వరుసతో పోల్చితే 50 లక్షల పోలికలు అవుతాయి. ఆనాటి యంత్రాలకు ఇది భారమని పలువురు సందేహించారు. 1974లో మిషిగన్ రాష్ట్రంలోని ఆన్ ఆర్బర్‌లో కాడ్, బాక్‌మన్ పక్షాలు బహిరంగంగా చర్చించాయి.

సమాధానం ఆచరణలో లభించింది. అదే ఏడాది డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ 'సీక్వెల్' భాషను ప్రకటించారు. అదే తరువాత ఎస్‌క్యూఎల్ అయింది. 1979లో పట్రీషియా సెలింజర్, ఆమె సహచరులు ఐబీఎం 'సిస్టమ్ ఆర్' ప్రాజెక్టులోని ఒక పద్ధతిని వివరించారు. జాయిన్ చేయగల వివిధ మార్గాల ఖర్చును యంత్రమే అంచనా వేసి, తక్కువ ఖర్చయ్యేదాన్ని ఎంచుకుంటుంది. దారి వెతికే భారం ఆ విధంగా ప్రోగ్రామర్ నుంచి యంత్రానికి మారింది. 1981లో కాడ్‌కు ట్యూరింగ్ పురస్కారం లభించింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: పై ఉదాహరణలో రెండు పట్టికలనూ కలుపుతున్న విలువ ఏది? ఆ నిలువు వరుసను రెండో పట్టిక నుంచి తొలగిస్తే ఏమవుతుంది?