పిల్లగాడు పండుకుంటే చాలు

పొద్దున ఎనిమిదిన్నర. గోదావరిఖని పక్కన యైటింక్లయిన్ కాలనీలో ఒక కంపెనీ క్వార్టర్. రాత్రి పదకొండు గంటల షిఫ్టుకు మస్టర్ పడి, ఏడింటికి బొగ్గుబాయిలోంచి పైకొచ్చిన మనిషి నాలుగు ముద్దలు తిని మంచం మీద వాలాడు. పక్కగదిలో ఏడాదిన్నర పిల్లవాడు స్టీలు గ్లాసు తీసుకుని నేలకేసి కొడుతున్నాడు. తల్లి పరుగున వచ్చి వాణ్ణి చంకనేసుకుని వీధిలోకి నడిచింది. రాత్రంతా ఆమెకూ నిద్ర లేదు.

ఈ గాథలో ఎవరి పేర్లూ ఉండవు. సింగరేణి బెల్టులో ఇంటింటా జరిగేవాటిని ఒక్క ఇంటి కిందికి తెచ్చి రాసిన కథనం ఇది. మందుల గురించీ, ఉత్తర్వుల గురించీ చెప్పినవి మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

అతనిది బాయి లోపల పైకప్పుకు బోల్టులు బిగించే పని. కునుకు పట్టిన కళ్ళతో చేసే పని కాదు. ఒక వారం ఫస్టు షిఫ్టు, ఒక వారం సెకండు, ఒక వారం నైటు. ఇంట్లో అందరికీ ఒకే వేళ రాత్రి కావడం నెలలో సగం రోజులు కూడా ఉండదు. నైటు షిఫ్టు వారమొస్తే ఆ ఇంట్లో కుక్కర్ కూత కూడా వినిపించకూడదు. పిల్లవాడు పగలు గోల చేయకుండా, రాత్రి ఏడవకుండా ఉండాలి. వాడికి నిద్ర ఎందుకు పట్టడం లేదని ఎవరూ అడగలేదు. ఎట్లా పండబెట్టాలన్నదే అందరి దిగులూ.

పిల్లవాడు తొమ్మిదింటికి పడుకునేవాడు. తండ్రి టిఫిన్ డబ్బా తీసుకుని బయల్దేరే వేళకు మొదలయ్యేది. కాళ్ళు పరుపుకు రాకడం, దుప్పటి తన్నేయడం, అడ్డంగా తిరిగి గోడకు గుద్దుకోవడం, లేచి ఏడవడం. పాలసీసా నోటికిస్తే ఓ గంట ఊరుకునేవాడు. మళ్ళీ అదే వరస.

“దిష్టి తగిలింది బిడ్డా” అని అత్త ఉప్పూ మిరపకాయలూ తిప్పేసింది. తగ్గకపోతే వసకొమ్ము తీసింది, జాజికాయ తీసింది. సానరాయి మీద నాలుగు చుట్లు అరగదీసి, పాలలో కలిపి ఉగ్గుగిన్నెతో పట్టింది. కోడలు జంకితే, “మీ ఆయనకు గూడ గిదే వెట్టిన. ఏమైంది? బాయి పని చేస్తలేడా?” అంది.

ఆ అత్తను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. ఆమెకు తెలిసిన వైద్యం అదే. కానీ అరగదీసిన జాజికాయకు కొలత లేదు. ఎక్కువైతే అది విషమే, పెద్దవాళ్ళకు కూడా గుండె దడ, మైకం తెప్పిస్తుంది. వసలో ఉండే బీటా-అసరోన్ అనే పదార్థం వల్ల దాన్ని తినేవాటిలో కలపకూడదని అమెరికా 1968లోనే నిషేధించింది.

కష్టజీవుల ఇళ్ళలో పిల్లల్ని మందుపెట్టి నిద్రపుచ్చడం కొత్తదేమీ కాదు. బొంబాయి మిల్లులకు పోయే తల్లులు పసివాళ్ళకు ‘బాల గోలీ’ పేరిట నల్లమందు పెట్టేవాళ్ళు. విట్లీ అధ్యక్షతన వేసిన కార్మిక రాయల్ కమిషన్ 1931 నివేదికలో ఈ సంగతి ఉంది. వాళ్ళకు పిల్లల మీద ప్రేమ లేక కాదు. యంత్రం దగ్గర నిలబడాల్సిన గంటలు పిల్లల గంటలతో కుదరక.

అమెరికాలో ఉండే ఆడబిడ్డ వీడియో కాల్లో ఇంకో దారి చెప్పింది. “వదినా, ఇక్కడ పిల్లలకు మెలటోనిన్ గమ్మీలు ఇస్తరు. వచ్చేవాళ్ళతో పంపిస్త.” మెలటోనిన్ మన మెదడు చీకటి పడ్డాక తయారుచేసుకునే హార్మోన్. అమెరికాలో దాన్ని చాక్లెట్ల లెక్కన కొనుక్కోవచ్చు, బ్రిటన్లో డాక్టర్ చీటీ లేకుండా ఇవ్వరు. 2023లో అమెరికా పరిశోధకులు పాతిక రకాల గమ్మీలను పరీక్షిస్తే ఇరవై రెండింటి లేబుల్ మీద రాసిన మోతాదు తప్పని తేలింది. ఒకదానిలో అసలు మెలటోనినే లేదు. ఇంకొకదానిలో రాసినదానికి మూడు రెట్లు మించి ఉంది. పిల్లలు మెలటోనిన్ మింగారంటూ అక్కడి విష సమాచార కేంద్రాలకు అందిన కేసులు 2012లో 8,337 ఉంటే, 2021లో 52,563 అయ్యాయి. ఆడబిడ్డ పంపుతానన్న డబ్బా రాలేదు. అది రాకముందే వేరే సీసా ఇంట్లోకి వచ్చింది.

మందుల దుకాణంలో అడిగితే, “జలుబు సిరపే అక్కా. నిద్ర గూడ మంచిగ వస్తది” అని చేతిలో పెట్టారు. మొదటి రాత్రి పిల్లవాడు తెల్లారేదాకా కదల్లేదు. తల్లి ఎన్ని నెలల తర్వాతో ఒళ్ళు తెలియకుండా పడుకుంది. రెండో రాత్రి అర్ధరాత్రికే లేచాడు. మూడో రాత్రి ఆమె మూతలో ఇంకొంచెం ఎక్కువ పోసింది.

తెల్లారి ఏడున్నరకు గుమ్మంలోకొచ్చిన భర్తకు ఆమె కేక వినిపించింది. “అత్తమ్మా, వీడు లేస్తలేడు!”

తల నిలవడం లేదు. మొహం మీద నీళ్ళు చల్లితే కళ్ళు సగం తెరిచి మళ్ళీ మూస్తున్నాడు. శ్వాస గురకలాగా, ఆగి ఆగి వస్తోంది. బాయి బట్టల సంచీ గుమ్మంలోనే పడేసి అతను ఆటో పిలుచుకొచ్చాడు.

దవాఖానలో ఆక్సిజన్ పెట్టారు. డాక్టరమ్మ అడిగింది: “ఏం తాగించిండ్రు?”

తల్లి నేల చూసింది. అత్తే కొంగు ముడి విప్పి సీసా బయటికి తీసింది. “చెప్పు బిడ్డా, దాచకు. పిల్లగాని పానం కంటె ఎక్కువనా?”

సీసా మీద క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్. జలుబుకు వాడే ఈ జోడీని నాలుగేళ్ళలోపు పిల్లలకు ఇవ్వరాదని లేబుల్ మీద రాయాలంటూ 2023 డిసెంబరులో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ ఆదేశించింది. నిద్ర కోసం చాలామంది వాడే ప్రోమెథజీన్ మీద అమెరికా 2004 నుంచే రెండేళ్ళలోపు పిల్లలకు వద్దని నల్లగీతల హెచ్చరిక వేయిస్తోంది, ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఉంది కనుక. ఈ మందులతో వచ్చేది నిద్ర కాదు, మత్తు. ఇక సీసాలో ఏముందో తల్లిదండ్రులకు ఎట్లా తెలుస్తుంది? మధ్యప్రదేశ్‌లో పరాసియా కూడా మనలాంటి బొగ్గు గనుల ఊరే. 2025లో అక్కడా ఆ చుట్టుపక్కలా దగ్గు సిరప్ తాగి ఇరవై మందికి పైగా పసివాళ్ళు చనిపోయారు. ఆ మందులో 48.6 శాతం డైఇథైలిన్ గ్లైకాల్ అనే విషం ఉందని పరీక్షలో తేలింది. ఆ అక్టోబరులో తెలంగాణ ఔషధ నియంత్రణ విభాగం కూడా ఆ మందు వాడొద్దని ప్రకటించింది.

మధ్యాహ్నానికి పిల్లవాడు కళ్ళు తెరిచి, చేతికున్న సూది చూసి ఏడ్చాడు. ఆ ఏడుపు విని తండ్రి వరండాలో కూలబడిపోయాడు.

డాక్టరమ్మ తిట్టలేదు. ఆ తల్లి ఎదురుచూడని ప్రశ్న ఒకటి వేసింది.

“రాత్రి కాళ్ళు ఎట్ల పెట్టుకుంటడు?”

“తన్నుతడు మేడం. పరుపుకు రాకుతనే ఉంటడు. పిసికితే జరసేపు ఊకుంటడు.”

“పాలెన్ని తాగుతడు?”

“ముప్పావు లీటరు దాక. రాత్రి రెండు సీసాలు.”

“అన్నం?”

“నాలుగు మెతుకులు. పొద్దున చాయ్‌ల బిస్కట్.”

పిల్లవాడి కింది రెప్ప లాగి చూపించింది. లోపల ఎరుపు లేదు, తెల్లగా పాలిపోయి ఉంది. రక్తం తీస్తే హిమోగ్లోబిన్ ఎనిమిది. ఒంట్లో నిల్వ ఉన్న ఇనుమును చెప్పే ఫెరిటిన్ అడుగంటింది.

ఇనుము రక్తానికే కాదు, మెదడులో డోపమిన్ తయారుకావడానికి కూడా కావాలి. అది చాలకపోతే పొద్దు గుంకాక కాళ్ళలో ఏదో గుంజుతున్నట్టు, కదిలిస్తే గానీ ఊరట లేనట్టు ఉంటుంది. పెద్దవాళ్ళయితే చెప్పుకుంటారు. ఏడాదిన్నర పిల్లవాడు తన్నుతాడు, ఏడుస్తాడు. ఏడవగానే పాలు పడతారు. పాలలో ఇనుము లేనట్టే లెక్క, పైగా తిన్నదాంట్లోని ఇనుమును అవి ఒంటికి పట్టనివ్వవు. కడుపు పాలతో నిండితే అన్నం తినడు. ఆ తల్లి బిడ్డను ఊరుకోబెట్టడానికి ఇచ్చిన ప్రతి సీసా మర్నాటి రాత్రికి వాణ్ణి మళ్ళీ లేపింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో తెలంగాణలో ఆరు నెలల నుంచి అయిదేళ్ళలోపు పిల్లల్లో నూటికి డెబ్భై మందికి రక్తహీనత ఉంది. వాళ్ళందరికీ నిద్ర చెడుతుందని కాదు. కానీ నిద్రపోని బిడ్డను తెస్తే ముందు రెప్ప లాగి చూడాలన్నంత పెద్ద సంఖ్య అది.

ఆ ఇంట్లో ఫ్రిజ్ మీద మూత తీయని ఐరన్ సీసా ఒకటి ఉంది. ఆశా కార్యకర్త ఇచ్చి వెళ్ళింది, వారానికి రెండుసార్లు ఒక్కో మిల్లీలీటరు వేయమని. వాంతులవుతాయని ఎవరో అంటే అట్లాగే ఉండిపోయింది. కావలసిన సప్లిమెంటు ఇంట్లోనే ఉండగా చూపు అమెరికా గమ్మీల దాకా పోయింది.

రక్తహీనత ముదిరింది కనుక ఇప్పుడు ఆ కొద్దిపాటి మోతాదు చాలదంది డాక్టరమ్మ. బరువు చూసి వేరే చుక్కలు రాసింది. పాలతో కలిపి ఇవ్వొద్దు, నిమ్మరసంతో ఇస్తే మంచిది. దొడ్డికి నల్లగా వస్తుంది, భయపడొద్దు. పాలు రోజుకు అర లీటరు దాటొద్దు, రాత్రి సీసా మానిపించాలి, చాయ్ అసలే వద్దు. పప్పు, గుడ్డు, కార్జం అలవాటు చేయాలి.

“రెండింతలు వేస్తే జల్ది తగ్గదా మేడం?”

“వద్దమ్మా. పిల్లల పానం తీసే మందుల్ల ఐరన్ గూడ ఒకటి. సీసా వానికి అందకుంట బీరువల పెట్టి తాళమెయ్యి. మూడు నెలలకు మళ్ల రక్తం చూద్దాం. అప్పటిదాక తగ్గిందని ఆపొద్దు. ఇనుము తక్కువ లేని పిల్లలకు నిద్ర కోసమని ఇదే మందు పక్కింటోళ్ళకు చెప్పొద్దు.”

రాత్రి సీసా మానిపించడానికే వారం పట్టింది. అత్త కూడా వాడి ఏడుపు తట్టుకోలేక, “జరంత పొయ్యి” అంది రెండుసార్లు. నైటు షిఫ్టు వారంలో అతను పగటి పడక బయటి గదికి మార్చుకున్నాడు, కిటికీకి దళసరి దుప్పటి కట్టి. నెలన్నరకు కాళ్ళు రాకడం తగ్గింది. ఇప్పుడు పిల్లవాడు రాత్రి ఒక్కసారి లేస్తాడు, నాలుగు గుక్కల నీళ్ళు తాగి మళ్ళీ పడుకుంటాడు. మూడో నెల పరీక్ష ఇంకా చేయించాల్సి ఉంది. ఐరన్ చుక్కలు వేస్తూనే ఉన్నారు.