తెర కొలతలు – బొమ్మ మర్యాద

మన హోసూరు, కృష్ణగిరి సీమలలో వీరగల్లులు పెక్కు కలవు. వానిని శ్రద్ధతో చూచినవారికి ఒక సంగతి తోచును. శిల్పి ముందుగా రాతి నిడివిని, వెడల్పును చూచుకొని, ఎత్తిన కత్తి కొన అంచునకు లోపలనే నిలుచునట్లు వీరుని అమర్చినాడు. తరువాతివాడొకడు ఆ రాతిని తన గోడకు సరిపెట్టుటకై పైన జానెడు కొట్టివేసినచో పోవునది రాయి మాత్రమే కాదు, వీరుని చేయి. చలనచిత్రమునకును ఇదే న్యాయము వర్తించును. చిత్రపు చౌకట్టు ఎట్లు పుట్టినది, తెలుగు చిత్రములలో ఎట్లు మారినది, నేడు కంప్యూటరుపై బొమ్మలు కూర్చు మన యువకులు దానినుండి గ్రహింపవలసినదేమి అను విషయములను ఇందు సంగ్రహముగా విచారింతము.

1890 దశకపు తొలినాళ్లలో అమెరికాలోని ఎడిసన్ ప్రయోగశాలలో డిక్సన్ అనునతడు 35 మిల్లీమీటర్ల ఫిలిమును సిద్ధపరచి, ఒక్కొక్క బొమ్మకు నాలుగు రంధ్రముల ఎత్తును నియమించెను. అందువలన బొమ్మ వెడల్పు 4 పాళ్లు, ఎత్తు 3 పాళ్లు అయ్యెను. మాటలు వచ్చిన పిదప ధ్వనిరేఖకు ఫిలిము ప్రక్కన చోటు విడువవలసి వచ్చెను. అంతట 1932లో హాలీవుడ్ అకాడమీ వారు 1.37కు 1 అను నిష్పత్తిని స్థిరపరచిరి. మన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ వెలువడినదియు ఆ సంవత్సరముననే. అది మొదలు దాదాపు నలువది యేండ్లు తెలుగు చిత్రములు ఈ ఇరుకు చౌకట్టులోనే రూపొందెను.

ఇరుకు అనుట కొలతకే గాని కళకు గాదు. 1957లో కె. వి. రెడ్డిగారి దర్శకత్వమున వెలువడిన ‘మాయాబజార్’ ఇందుకు సాక్ష్యము. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే వెన్నెలలో నౌకావిహారమును, ఘటోత్కచుని విందును ఆ చౌకట్టులోనే చూపెను. పైని కిరీటమునకు, క్రింది పళ్లెరమునకు రెంటికిని అందు చోటు దొరకినది.

ఇంతలో పాశ్చాత్యదేశములలో టెలివిజను ఇంటింటికిని చేరి, సినిమాహాళ్లకు జనము తగ్గజొచ్చెను. ఇంటిపెట్టె చూపలేని విశాలదృశ్యమును చూపవలెనని 1953లో ‘ది రోబ్’ చిత్రముతో సినిమాస్కోపును ప్రవేశపెట్టిరి. కెమెరాకు అమర్చిన ప్రత్యేక కటకము దృశ్యమును అడ్డముగా సగమునకు నొక్కి ఫిలిముపై పట్టును. హాలులోని కటకము దానిని మరల సాగదీసి తెరపై పరచును. అట్టి కటకము లేని హాలులో మనుష్యులందరును సన్నగా, పొడవుగా కనబడుదురు. భారతదేశమున 1959లో ‘కాగజ్ కే ఫూల్’ ఈ పద్ధతిలో వచ్చెను. తెలుగున తొలి సినిమాస్కోపు చిత్రము 1974లో వచ్చిన ‘అల్లూరి సీతారామరాజు’. మన్యపు కొండల వరుసకు ఆ వెడల్పు తగినదే. 1986లో ‘సింహాసనము’ 70 మిల్లీమీటర్ల చిత్రముగా వచ్చినది.

నేడు ఫిలిము స్థానమున చుక్కలు వచ్చినవి. ఇచ్చట రెండు సంగతులను వేరుచేసి చూడవలెను. చౌకట్టు ఆకారము ఒకటి; అందులోని చుక్కల సంఖ్య, అనగా బొమ్మ నాణ్యత, మరియొకటి. నేటి టెలివిజను తెర 16కు 9 పాళ్లు. సాధారణముగా అడ్డము 1920, నిలువు 1080, మొత్తము 20,73,600 చుక్కలు. సినిమాహాలుకు నిర్ణయించిన 4కె కొలత 4096, 2160. అనగా 2కె కొలతకు నాలుగింతలు. అయినను చిన్న బొమ్మను లాగి పెద్దది చేసినంత మాత్రమున అందు క్రొత్త వివరము చేరదు. నీరు కలిపిన పాలు కొలతకు పెరుగును గాని చిక్కబడునా?

‘మాయాబజార్’ 2010లో వర్ణములద్దుకొని మరల హాళ్లకు వచ్చినది. క్రొత్త తరము దానిని చూచుట సంతోషమే. కాని ఇట్టి పాత చిత్రమును నేటి తెరనిండ పరచవలెనన్న ఏమగునో లెక్కవేసి చూతము. 1.37 నిష్పత్తి గల బొమ్మను 16కు 9 తెరలో నింపినచో పైనను క్రిందను కలిపి నూటికి 23 వంతులు పోవును. సినిమాస్కోపు తెరకు నింపినచో 42 వంతులు పోవును. కోయక అడ్డముగా సాగదీసినచో సావిత్రి ముఖమే మారిపోవును. చెప్పు చిన్నదని కాలు కోసికొనుట ఇట్టిదే. ఇరువైపుల నల్లని అంచులు విడిచినచో బొమ్మకు ఏ లోపమును రాదు.

ఇది మనకు వినోదమునకు సంబంధించిన ముచ్చట మాత్రమే కాదు. 2006 నాటి తమిళ అభ్యసన చట్టము పిదప బడులలో తెలుగునకు గల చోటు మన కుటుంబములకు చింతగా నున్నది. ఇంటిలో చూచు పాత చిత్రములే పెక్కుమంది పిల్లలకు తేట తెలుగు నేర్పు బడులు. మన ఇండ్ల గోడలపై నున్న పెండ్లి ఫొటోలకును ఇదే ఆపద. నిలువుగా పట్టుకొను సెల్‌ఫోను తెరకు 4కు 3 పాళ్ల ఫొటోను కోసినచో వెడల్పున సగము కంటె ఎక్కువ పోవును. నడుమనున్న వధూవరులు మిగులుదురు; అంచున నిలిచిన అవ్వ, తాత పోవుదురు.

కావున ఈ విద్య నేర్చిన మన యువకులకు నాదొక మనవి. పాత బొమ్మను ఎత్తునపుడు అంచులతో కూడ, వీలైనన్ని ఎక్కువ చుక్కలతో ఎత్తుడు. ఆ మూలప్రతిని ముట్టక భద్రపరచుడు. తెరకొక ప్రతి కావలసిన యెడల నకలునే కోయుడు.

ఈ సీమ సేలము జిల్లాలో నుండెను. 1965లో ధర్మపురి జిల్లాలో చేరెను. 2004లో కృష్ణగిరి జిల్లా అయ్యెను. చౌకట్టు మారిన ప్రతిసారియు మన పెద్దలు తమ మాటను అంచులతో సహా కాపాడుకొని మనకందించిరి. మనమును మన బొమ్మలను అట్లే అందింతము గాక!